పలికే హక్కు, వినే హక్కు: తెలుగు నేలపై ఔత్సాహిక రేడియో చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగులో రేడియో చరిత్ర అనగానే ఆకాశవాణి చరిత్రే గుర్తుకు వస్తుంది. ఆకాశవాణి ఏర్పడక ముందే మద్రాసులో ఒక క్లబ్బు, హైదరాబాదులో ఒక వ్యక్తి సొంత చొరవతో నడిపిన కేంద్రం గాలిలోకి మాట పంపాయి. ఆ ఔత్సాహిక ధార తరువాతి కాలంలో రెండుగా చీలింది. ఒక పాయ ప్రభుత్వ ప్రసార వ్యవస్థగా, రెండవ పాయ హామ్ రేడియోగా సాగాయి. తెలుగు భాష మొదటి పాయతో వెళ్ళి, రెండవ పాయకు దూరమైంది. ఆ చీలిక జరిగిన క్రమాన్ని, దాని భాషా పర్యవసానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వరద ముప్పు గల గోదావరి తీరపు పట్టణమైన మంచిర్యాల వైపు నుండి చూసినప్పుడు ఈ చరిత్రకు గల ప్రాసంగికతను చివర చర్చిస్తుంది.

కీలక పదాలు: ఔత్సాహిక రేడియో, మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు, దక్కన్ రేడియో, హామ్, కాల్ సైన్, సంఘం రేడియో, మంచిర్యాల

1. ప్రవేశిక

తెలుగు రేడియో సాహిత్యాన్ని గురించిన చర్చ సాధారణంగా 1938 జూన్ 16తో మొదలవుతుంది. ఆ రోజున మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైంది. తొలి రోజుల్లోనే గిడుగు రామమూర్తి పంతులు ఆ కేంద్రం నుండి జీవద్భాష అయిన తెలుగును గురించి ప్రసంగించారు. వాడుక భాష కోసం మూడు దశాబ్దాలు వాదించిన వ్యక్తి గొంతు చెవికి మాత్రమే అందే కొత్త మాధ్యమంలో వినిపించడం యాదృచ్ఛికమే కావచ్చు, కాని అర్థవంతమైన యాదృచ్ఛికత అది. తరువాత 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది. నాటిక, ప్రసంగం, లలిత సంగీతం, రూపకం మొదలైన ప్రక్రియల చరిత్ర అంతా ఈ కేంద్రాల చుట్టూనే అల్లుకుంది.

ఈ కథనంలో శ్రోత ఉన్నాడు, రచయిత ఉన్నాడు, ప్రయోక్త ఉన్నాడు. తన ఇంట్లో తానే ట్రాన్స్‌మిటర్ అమర్చుకొని గాలిలోకి మాట పంపిన మనిషి మాత్రం లేడు. రేడియోను ఈ దేశానికి పరిచయం చేసినది అతడే. అతడిని పక్కన పెట్టి చెప్పిన చరిత్రలో రేడియో పుట్టుకతోనే ప్రభుత్వానిదన్న భావం కలుగుతుంది. ఆ భావం సరైనది కాదని నిరూపించడానికి మద్రాసు, హైదరాబాదు నగరాల అనుభవాలు చాలు.

2. రెండు పదాలు: ఔత్సాహికుడు, ఆకాశవాణి

చరిత్రలోకి వెళ్ళే ముందు రెండు పదాలను గమనించవలసి ఉంది.

‘అమెచ్యూర్’ అనే మాటకు మూలం ప్రేమించడమనే అర్థమిచ్చే లాటిన్ ధాతువు. డబ్బు కోసం గాక ఇష్టం కోసం ఒక పనిని పట్టుకున్నవాడు అమెచ్యూర్. తెలుగులో దీనికి ‘ఔత్సాహిక’ అనే పదం స్థిరపడింది. నాటకరంగం ఈ పదాన్ని మూలార్థానికి దగ్గరగా వాడుకుంది. వృత్తి నాటక సమాజం వేరు, ఔత్సాహిక నాటక సమాజం వేరు. రెండవదానిలోని నటులు పగలు కచేరీల్లోనో బడుల్లోనో పనిచేసి, రాత్రి ముఖానికి రంగు పూసుకునేవారు. వారి నటనలో నైపుణ్యం తక్కువని ఆ పదం చెప్పదు. నేటి పత్రికా భాషలో మాత్రం ఈ పదం వేరొక దారి పట్టింది. ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అంటే పరిశ్రమ పెట్టాలని కోరిక ఉన్నవాడు, ఇంకా పెట్టనివాడు. ‘ఔత్సాహిక రచయిత’ అంటే ఇంకా కుదురుకోని రచయిత. ఔత్సాహిక రేడియో అన్నప్పుడు ఈ కొత్త అర్థాన్ని అన్వయిస్తే పొరపాటు జరుగుతుంది. ఔత్సాహిక రేడియో నిర్వాహకుడు పరీక్ష రాసి, ప్రభుత్వ లైసెన్సు పొంది, ప్రపంచంలో మరెవరికీ లేని ఒక గుర్తును తన పేరుగా ధరించినవాడు. నాటక సమాజాల వారి అర్థంలోనే అతడు ఔత్సాహికుడు.

రెండవ పదం ‘ఆకాశవాణి’. ప్రభుత్వ ప్రసార సంస్థకు ఈ పేరు రావడానికి ముందే మైసూరులో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఎం.వి.గోపాలస్వామి 1935లో తన నివాసంలో నెలకొల్పిన చిన్న కేంద్రానికి ఆ పేరు ఉంది. అంటే దేశమంతటా ప్రభుత్వ రేడియోకు పర్యాయపదమైన మాట ఒక ఔత్సాహికుని ఇంటి నుండి బయలుదేరింది. పురాణాల్లో ఆకాశవాణి, అశరీరవాణి వినిపించే సందర్భాలను తలచుకుంటే ఈ పేరులోని మరొక విశేషం బోధపడుతుంది. దేవకి అష్టమ గర్భాన్ని గురించి కంసునికి వినిపించిన మాటకు కంసుడు ఎదురు ప్రశ్న వేయలేడు. ఆకాశవాణి చెబుతుంది, మనిషి వింటాడు. ఒక కేంద్రం పలికితే లక్షలమంది వినే ప్రసార వ్యవస్థకు ఇంతకంటే తగిన పేరు లేదు. ఔత్సాహిక రేడియో స్వభావం దీనికి భిన్నమైనది. అక్కడ సంభాషణ ‘సి.క్యూ.’ అనే సంకేతంతో మొదలవుతుంది. ‘వింటున్నవారు ఎవరైనా సరే, బదులు పలకండి’ అని దాని తాత్పర్యం. బదులు రాకపోతే అక్కడ సంఘటనే లేదు.

ఈ రెండు పదాల మధ్యనున్న దూరమే ఈ చరిత్రకు ఇరుసు.

3. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు

భారతదేశంలో తొలి ఔత్సాహిక రేడియో నిర్వాహకుడుగా పేరు పొందినవారు అమరేంద్ర చంద్ర గుప్తు. 1921లో ఆయనకు లైసెన్సు లభించింది. అదే సంవత్సరం ముకుల్ బోస్ రెండవవారయ్యారు. వీరిద్దరి మధ్య దేశంలో తొలి రెండువైపుల ఔత్సాహిక సంభాషణ సాధ్యమైంది. 1923 జూన్‌లో బొంబాయి రేడియో క్లబ్బు, అదే ఏడాది నవంబరులో కలకత్తా రేడియో క్లబ్బు ప్రసారాలు చేశాయి.

దక్షిణాదిన ఈ పనికి పూనుకున్నవారు సి.వి.కృష్ణస్వామి చెట్టి. ఆయన చొరవతో 1924 మే 16న మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. అదే సంవత్సరం జూలై 31న ప్రసారం మొదలైంది. తొలి ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు. ఇంట్లో వెలిగే ఒక పాతకాలపు బల్బు వినియోగించేంత విద్యుత్తు అది. తరువాత 200 వాట్ల పరికరం వచ్చింది. సాయంకాలాలు సంగీతం, ప్రసంగాలు ప్రసారమయ్యేవి.

ఈ క్లబ్బు స్వరూపాన్ని సరిగా గ్రహించాలి. నేటి అర్థంలో ఇది హామ్ క్లబ్బు మాత్రమే కాదు, రేడియో స్టేషను మాత్రమే కాదు. సభ్యులు చందా కట్టారు, పరికరాలు కూర్చారు, వాటి గుట్టు నేర్చుకున్నారు, కచేరీలు ప్రసారం చేశారు. సాంకేతిక అభిరుచి, సాంస్కృతిక అభిరుచి ఒకే గదిలో ఉన్నాయి. వాల్వు మార్చే చేయి, వీణ ముందు మైకు సర్దే చేయి ఒకటే. పలికేవారు, వినేవారు ఒకే సంఘంలోని సభ్యులు. తెలుగు, తమిళం, ఆంగ్లం కలగలసి బతికిన ఆనాటి మద్రాసులో, తెలుగువారి పత్రికలు, ప్రచురణ సంస్థలు, సభలు వర్ధిల్లిన నగరంలో, ఈ క్లబ్బు కూడా అలాంటి స్వచ్ఛంద సంఘాలలో ఒకటి. గ్రంథాలయోద్యమానికీ నాటక సమాజాలకూ ప్రాణం పోసిన సంఘ జీవనమే రేడియోకూ తొలి ఆశ్రయమిచ్చింది.

చందాల మీద నడిచే సంఘానికి ట్రాన్స్‌మిటర్ నిర్వహణ తలకు మించిన భారమైంది. 1927 అక్టోబరులో ఆర్థిక ఇబ్బందుల వల్ల క్లబ్బు ప్రసారాలు ఆగిపోయాయి. ట్రాన్స్‌మిటర్‌ను క్లబ్బు మద్రాసు కార్పొరేషనుకు అప్పగించింది. 1930 ఏప్రిల్ 1 నుండి కార్పొరేషను దానితో ప్రసారాలు సాగించింది. సముద్రతీరంలోనూ పార్కుల్లోనూ లౌడు స్పీకర్లు అమర్చి, రేడియో సెట్టు కొనలేని ప్రజలకు సంగీతం వినిపించింది. 1938లో ఆలిండియా రేడియో ఆ బాధ్యత స్వీకరించింది.

క్లబ్బు నుండి పురపాలక సంస్థకు, పురపాలక సంస్థ నుండి కేంద్ర ప్రభుత్వానికి సాగిన ఈ పద్నాలుగేళ్ళ ప్రయాణంలో శ్రోతల సంఖ్య పెరిగింది, పలికేవారి సంఖ్య తగ్గింది. 1924లో ప్రసారం చేయాలా వద్దా అన్నది సభ్యులు నిర్ణయించుకున్నారు. 1930లో నగరపాలకులు నిర్ణయించారు. 1938లో ఆ నిర్ణయం ఢిల్లీకి చేరింది. మార్పు మెల్లగా, ఎవరి దురుద్దేశమూ లేకుండానే జరిగింది. కార్పొరేషను పూనుకోకపోతే క్లబ్బు ట్రాన్స్‌మిటర్ మూలపడేదన్న మాటను కూడా మరువరాదు.

4. హైదరాబాదు: చిరాగలీ గల్లీ నుండి దక్కన్ రేడియో దాకా

నిజాం రాజ్యంలో ఈ కథ మరింత క్లుప్తంగా, మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1930ల తొలి సంవత్సరాల్లో మహబూబ్ అలీ హైదరాబాదు చిరాగలీ గల్లీలో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ఒక కేంద్రాన్ని నెలకొల్పారు. మద్రాసులో క్లబ్బు చేసిన పనికి ఇక్కడ ఒక వ్యక్తి పూనుకున్నారు. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం ఆ కేంద్రాన్ని తన ఆధీనంలోకి తీసుకుంది. అది దక్కన్ రేడియోగా ప్రసిద్ధమైంది.

మద్రాసులో డబ్బు లేక క్లబ్బు చేతులెత్తేసింది. హైదరాబాదులో రాజ్యమే చేయి చాచింది. గాలిలోకి మాట పంపగల సాధనం తన ఆధీనంలో ఉండవలసిన అవసరాన్ని నిజాం ప్రభుత్వం త్వరగానే గుర్తించింది. దక్కన్ రేడియోలో రాజభాష ఉర్దూకు ప్రాధాన్యం. రాజ్యంలోని అధిక సంఖ్యాకుల భాష అయిన తెలుగుకు మరాఠీ, కన్నడాలతో పాటు మిగిలిన సమయంలోనే చోటు. ఆంధ్ర మహాసభ, గ్రంథాలయాలు, గోలకొండ పత్రిక తెలుగు కోసం పోరాడుతున్న కాలంలో రాజధానిలోని రేడియో అధికార భాషల సోపానాన్ని యథాతథంగా ప్రతిఫలించింది.

ఆ రేడియో రాజకీయ ప్రాముఖ్యం 1948 సెప్టెంబరు 17న పరాకాష్ఠకు చేరింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాల్పుల విరమణను ప్రకటిస్తూ మాట్లాడినది దక్కన్ రేడియోలోనే. ఒక ఔత్సాహికుడు ఒక గల్లీలో మొదలుపెట్టిన కేంద్రం పదమూడేళ్ళకు పైగా గడిచాక ఒక రాజ్యం ముగింపును ప్రకటించే గొంతుకైంది. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో భాగమైంది.

నాటి ఆదిలాబాదు జిల్లాకు, అందులోని మంచిర్యాలకు ఈ పరిణామాలతో ఉన్న సంబంధం శ్రోత సంబంధమే. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయ్యాక మంచిర్యాల ఉత్తర దక్షిణాలను కలిపే దారి మీది పట్టణమైంది. రైలు స్టేషన్ల మధ్య తంతి తీగ వెంట సంకేతాలు ఎడతెగక సాగేవి. బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతపు బొగ్గు గనులు ఎక్కడెక్కడి కార్మికులనో ఇక్కడికి రప్పించాయి. సమాచారం ఈ పట్టణం మీదుగా ప్రవహించింది, కాని ఈ పట్టణం నుండి గాలిలోకి పలికే అవకాశం నగరాల్లోనే నిలిచిపోయింది.

5. చీలిక

1930లలో రేడియో చట్టపరంగా రెండు ముక్కలైంది. 1933లో వచ్చిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరంగా పరిగణించింది. వినడానికి ఒక లైసెన్సు, పలకడానికి మరొక లైసెన్సు కావలసి వచ్చింది. మొదటిది తపాలా కార్యాలయంలో రుసుము కడితే దొరికేది. రెండవది పరీక్షకు, పరిశీలనకు లోబడినది. ప్రసారం ప్రభుత్వానికి మిగిలింది. వ్యక్తులకు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పరిమిత అనుమతి మిగిలింది.

రెండవ ప్రపంచ యుద్ధం ఆ పరిమిత అనుమతిని కూడా తీసివేసింది. 1939లో ఔత్సాహికులు తమ ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించవలసి వచ్చింది. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో ఉషా మెహతా బృందం బొంబాయి నుండి నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియో, ఆ నిషేధం ఎందుకు వచ్చిందో, దాన్ని ఉల్లంఘించడానికి ఎంత సాంకేతిక నైపుణ్యం కావాలో రెండింటినీ తెలియజేస్తుంది. ఔత్సాహిక రేడియోను తెలిసినవారి సాయంతోనే ఆ కేంద్రం సాధ్యమైంది. కొన్ని నెలలపాటు చోటు మార్చుకుంటూ నడిచి, 1942 నవంబరులో పోలీసుల చేతికి చిక్కింది.

స్వాతంత్ర్యానంతరం 1948 మే 15న మధ్యభారతంలోని మౌ సైనిక సిగ్నల్స్ పాఠశాలలో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఆరంభమైంది. 1954లో అది అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియాగా పేరు మార్చుకొని ఢిల్లీకి చేరింది. ‘క్లబ్బు’ అనే మాట మళ్ళీ వచ్చింది గాని 1924 నాటి అర్థం మళ్ళీ రాలేదు. 1978 నాటి ఔత్సాహిక సేవా నిబంధనలు చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. ఔత్సాహికుడు సంగీతం ప్రసారం చేయరాదు, వార్తలు ప్రసారం చేయరాదు, వ్యాపారం చేయరాదు, రహస్య సంకేతాలు వాడరాదు. సాంకేతిక విషయాలు, వ్యక్తిగతమైన చిన్న మాటలు మాత్రమే మాట్లాడుకోవాలి. ప్రకృతి వైపరీత్యాల వంటి అత్యవసర సందర్భాల్లో మాత్రం ఇతరుల సందేశాలను చేరవేయవచ్చు. మద్రాసు క్లబ్బు ప్రతి సాయంత్రం చేసిన పని ఈ నిబంధనల కింద అపరాధమవుతుంది.

6. హైదరాబాదులో జాతీయ సంస్థ

తెలుగు నేలపై ఔత్సాహిక రేడియోకు స్థిరమైన సంస్థాగత రూపం 1983లో లభించింది. ఎస్.సూరి హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను స్థాపించారు. ఔత్సాహికులకు శిక్షణ ఇవ్వడం, లైసెన్సు పరీక్షకు సిద్ధం చేయడం, విపత్తు వేళల్లో సమాచార సంబంధాలు నెలకొల్పడం ఈ సంస్థ ప్రధాన కార్యక్రమాలు. కాలం కూడా అనుకూలించింది. 1984లో వైర్‌లెస్ పరికరాలపై దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం తొలగించింది. అప్పటిదాకా సైన్యం పక్కన పెట్టిన పాత పరికరాలను విప్పి, విడి భాగాలు వెతికి, సొంతంగా కూర్చుకున్న సెట్లే చాలామందికి దిక్కు. సోల్డరింగ్ కడ్డీ పట్టడం తెలియనివాడు గాలిలోకి రాలేని రోజులవి.

ఈ సంస్థ ఆవిర్భావానికి ఆంధ్ర తీరపు అనుభవం నేపథ్యంగా ఉందని భావించడానికి అవకాశముంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది మరణించారు. తీగలు తెగి, దారులు మూసుకుపోయి, జరిగిన నష్టం బయటి ప్రపంచానికి తెలియడానికే సమయం పట్టింది. తీగ అవసరం లేని, చిన్న బ్యాటరీతో పనిచేసే, ఎక్కడ కావాలంటే అక్కడ నిలబెట్టగల సాధనం విలువ ఏమిటో ఆ విపత్తు నేర్పిన పాఠం.

ఆ పాఠం అందరికీ తెలిసేలా అన్వయమైన సందర్భం 2004లో వచ్చింది. సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయర్‌కు వెళ్ళింది. అండమాన్ దీవుల నుండి ఔత్సాహిక ప్రసారాలకు చాలా ఏళ్ళ తరువాత అనుమతి దొరికింది. ప్రపంచ ఔత్సాహికులకు ఆ దీవులు అరుదైన గమ్యం. వి.యు.4ఆర్.బి.ఐ. అనే కాల్ సైన్ కోసం ఖండఖండాల వారు వరుసకట్టి వేచి ఉన్నారు. డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా సమీపంలో భూమి కంపించింది. సునామీ దీవులను తాకింది. సాధారణ సమాచార సాధనాలు స్తంభించాయి. ఒక వినోద యాత్రగా నెలకొల్పిన కేంద్రం త్వరలోనే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య వారధి అయింది. క్షేమ సమాచారాల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలకు ఆ కేంద్రం నుండి వెళ్ళిన మాటలే ఆధారమయ్యాయి.

ఈ సంఘటనను సాహస గాథగా చెప్పుకోవడం సులభం. చరిత్ర దృష్టితో చూస్తే ఇందులోని ముఖ్యాంశం వేరు. ఆ కేంద్రం విపత్తు కోసం ఏర్పాటైనది కాదు. ఇష్టం కొద్దీ ఏర్పాటైనది. ఇష్టం కొద్దీ అక్కడ ఉన్నందువల్లనే అవసరానికి అందింది. ‘ఔత్సాహిక’ అనే మాటలోని మూలార్థం ఇంత స్పష్టంగా రుజువైన సందర్భం మరొకటి కనిపించదు.

మరుసటి సంవత్సరం 2005 మే 5న ఆనాటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.–సి6 రాకెట్టు హామ్‌శాట్ అనే ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 42.5 కిలోల ఈ ఉపగ్రహం కేవలం ఔత్సాహికుల సంభాషణలకు ఉద్దేశించినది. దానిలోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి భారతీయులు తయారుచేసినది, రెండవది నెదర్లాండ్స్‌కు చెందిన ఒక విద్యార్థి రూపొందించినది. 2014 దాకా అది సేవలందించింది.

7. భాష ప్రశ్న

ఇంత చరిత్రలో తెలుగు ఎక్కడ? తెలుగు పరిశోధకులకు ఈ ప్రశ్న కీలకమైనది.

ఔత్సాహిక రేడియో సంభాషణకు ఒక నిర్దిష్ట నిర్మాణం ఉంది. మొదట కాల్ సైన్, తరువాత ఎదుటివారి ధ్వని ఎంత స్పష్టంగా, ఎంత బలంగా వినబడుతున్నదో తెలిపే అంకెలు, ఆపై పేరు, ఊరు, వాతావరణం, పరికరాల వివరాలు, చివర ‘73’ అనే శుభాకాంక్షల సంకేతం. స్పష్టతకు 1 నుండి 5 దాకా, బలానికి 1 నుండి 9 దాకా అంకెలు ఇస్తారు. ‘59’ అంటే నిండుగా వినబడుతున్నదని అర్థం. సంభాషణ జరిగిందనడానికి సాక్ష్యంగా ఇరువురూ క్యు.ఎస్.ఎల్. కార్డులు పంపుకుంటారు. తేదీ, సమయం, తరంగ పరిమాణం, కాల్ సైన్ రాసి సంతకం చేసిన ఈ కార్డు ఒక చిన్న శాసనం వంటిది. లేఖా సాహిత్యంపై, మౌఖిక సంభాషణా రీతులపై పనిచేసేవారికి ఇందులో పరిశీలించదగిన సామగ్రి చాలా ఉంది.

ఈ నిర్మాణమంతా ఆంగ్లాన్ని ఆధారం చేసుకున్నది. అంతర్జాతీయ మోర్స్ సంకేతాలు రోమన్ అక్షరాలకు ఏర్పడినవి. ఒక తెలుగు వాక్యం మోర్స్‌లో వెళ్ళాలంటే ముందు రోమన్ అక్షరాల్లోకి మారాలి. మారగానే దీర్ఘం, హ్రస్వం తేడా పోతుంది, ‘ళ’ ‘ల’ అవుతుంది, ‘ణ’ ‘న’ అవుతుంది. పళ్ళు, పల్లు అనే రెండు మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే ప్రమాదం ఏర్పడుతుంది. తంతి కార్యాలయాల ద్వారా తెలుగువారు ఒక శతాబ్దానికి పైగా అనుభవించిన ఇబ్బంది ఇదే. కాల్ సైన్‌ను విడమరచి చెప్పడానికి వాడే ఆల్ఫా, బ్రావో, చార్లీ వంటి పదాలు కూడా ఆంగ్ల వర్ణమాలవే. మన బడుల్లో ‘అ’కు అమ్మ, ‘ఆ’కు ఆవు అని నేర్పే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే అయినా, ఆ బంధుత్వాన్ని తెలుగు వాడుకోలేదు.

మాటలతో మాట్లాడేటప్పుడు మాత్రం తెలుగుకు అడ్డంకి లేదు. నిబంధనలు కోరేది అందరికీ అర్థమయ్యే సాదా భాష. తెలుగు సాదా భాషే. ఇద్దరు తెలుగు ఔత్సాహికులు తెలుగులో మాట్లాడుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. అయితే శిక్షణ, పాఠ్యసామగ్రి, పదజాలం ఆంగ్లంలో ఉన్నందున ఈ అభిరుచి ఆంగ్ల విద్య అందిన నగరవాసుల అభిరుచిగానే కొనసాగింది. ప్రసార రేడియోలో తెలుగు సాధించిన విజయం ఇక్కడ పునరావృతం కాలేదు. ఆకాశవాణి వ్యావసాయిక కార్యక్రమాలు ఎరువు, చీడ, విత్తనశుద్ధి వంటి విషయాలకు రైతుకు పట్టే తెలుగును తయారుచేశాయి. అదే తీరులో ఔత్సాహిక రేడియోకు తెలుగు పరిభాష కల్పించే ప్రయత్నం విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేపట్టదగిన పని.

8. మంచిర్యాల వైపు నుండి

ఈ చర్చను గోదావరి ఒడ్డున నిలబడి చూస్తే దాని బరువు తెలుస్తుంది.

1986లో ఆదిలాబాదులో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. తెలుగుతో పాటు గోండి భాషలో కూడా అక్కడి నుండి కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. దక్కన్ రేడియో కాలపు భాషా సోపానంతో పోలిస్తే ఇది పెద్ద ముందడుగు. అయినా అది వినే హక్కులో వచ్చిన విస్తృతే.

పలికే హక్కులో వచ్చిన విస్తృతికి ఉదాహరణ తెలంగాణలోనే మరొక చోట ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆనాటి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1998 నాటికే యునెస్కో సహాయంతో రేడియో స్టూడియో ఏర్పరచుకున్నాయి. పదేళ్ళపాటు ఆ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్ల ద్వారా సంఘాల సమావేశాల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. చిన్నకారు రైతులైన దళిత మహిళలు తమ మాటలో, తమ యాసలో, తమ విత్తనాలను గురించి, పాటలను గురించి మాట్లాడారు. చందా కట్టి, పరికరం నేర్చుకొని, తమవారి కోసం తాము పలికిన 1924 నాటి మద్రాసు క్లబ్బు ఆదర్శం ఎనభై నాలుగేళ్ళకు మరొక రూపంలో తిరిగి వచ్చింది. ఒక తేడా ఉంది. మద్రాసు క్లబ్బు సభ్యులు చదువు, సంపద గలవారు. మాచ్‌నూర్ మహిళలకు ఆ రెండూ అందనివి. హక్కు విస్తరించడమంటే ఇదే.

సముదాయ రేడియో ప్రసారం చేస్తుంది, ఔత్సాహిక రేడియో సంభాషిస్తుంది. 1930లలో చట్టం విడదీసిన రెండు పాయలు ఇప్పటికీ వేర్వేరుగానే ఉన్నాయి. విపత్తు వేళ మాత్రం ఒక ప్రాంతానికి రెండూ అవసరమవుతాయి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని విడుదల సామర్థ్యాన్ని మించిన ప్రవాహం వచ్చింది. గోదావరి పొంగింది, రాళ్ళవాగు ఎదురు తన్నింది. మంచిర్యాలలోని లోతట్టు కాలనీలు మునిగాయి. నది ఒడ్డునున్న మాతాశిశు ఆసుపత్రి నుండి బాలింతలను, పసిపిల్లలను తరలించవలసి వచ్చింది. దిగువన భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఎగువన కడెం వద్ద ఏమి జరుగుతున్నదో మంచిర్యాలకు, మంచిర్యాలలో ఏమి జరుగుతున్నదో మంథని, కాళేశ్వరం తీరాలకు క్షణక్షణం తెలియవలసిన రోజులవి. చేతిలోని ఫోను టవరు మీద, టవరు కరెంటు మీద ఆధారపడి ఉంటుంది. నీరు మొదట దెబ్బతీసేది ఆ కరెంటునే.

నది వెంట ఉన్న పట్టణాల్లో, మండల కేంద్రాల్లో, కళాశాలల్లో లైసెన్సు పొందిన ఔత్సాహికులు ఉండి, వారు ప్రజలకు అర్థమయ్యే తెలుగులో మాట్లాడగలిగితే ఆ సంభాషణకు విలువ కట్టలేము. వరద చేరవేసే సందేశంలో ‘వాగు’, ‘ఒర్రె’, ‘కట్ట’, ‘మత్తడి’ వంటి మాటలు ఉంటాయి. వాటికి ఆంగ్లంలో దగ్గరి మాట వెదికేలోగా నీరు మరొక వీధి దాటుతుంది. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా ఈ లైసెన్సు పరీక్ష రాయవచ్చు. తొలి స్థాయి లైసెన్సుకు ఇప్పుడు మోర్స్ పరీక్ష కూడా లేదు. మిగిలిన అవరోధాల్లో పెద్దది భాషే.

9. ఉపసంహారం

తెలుగు నేలపై రేడియో ఔత్సాహికుల చేతిలో ప్రాణం పోసుకుంది. మద్రాసులో ఒక క్లబ్బు, హైదరాబాదులో ఒక వ్యక్తి దానికి ఆద్యులు. ఆర్థిక భారం ఒకచోట, రాజ్యావసరం మరొకచోట ఆ కేంద్రాలను ప్రభుత్వాల చేతుల్లో పెట్టాయి. 1933 చట్టం, 1939 నిషేధం, 1978 నిబంధనలు ప్రసారాన్ని, సంభాషణను వేరు చేశాయి. తెలుగు ప్రసారంతో వెళ్ళి సాహిత్య ప్రక్రియలను సంపాదించుకుంది. సంభాషణ ఆంగ్లంలో ఉండిపోయింది. 1983లో ఏర్పడిన హైదరాబాదు సంస్థ సంభాషణకు స్థిరత్వం ఇచ్చింది, 2004 నాటి అండమాన్ అనుభవం దాని ప్రయోజనాన్ని నిరూపించింది. 2008లో సంఘం రేడియో పలికే హక్కును అట్టడుగు వర్గాలకు చేర్చింది.

ఈ క్రమాన్ని గుర్తిస్తే తెలుగు రేడియో చరిత్ర ప్రారంభ తేదీని 1938 నుండి 1924కు జరపడం అవసరమవుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ చరిత్రలో శ్రోత పక్కన బదులు పలికే మనిషికి కూడా చోటివ్వాలి. మంచిర్యాల వంటి పట్టణం ఇప్పటిదాకా ఈ చరిత్రలో విన్నది. ‘సి.క్యూ.’ అనే పిలుపుకు అక్కడి నుండి తెలుగులో బదులు వచ్చిన రోజున ఆ చరిత్ర రెండువైపులా సాగుతుంది.